పోగు చెప్పిన నొప్పి

పొద్దున్నే కిష్టప్ప మగ్గం గుంటలోకి దిగాడంటే ఆ ఇంట్లో రెండు చప్పుళ్ళు మొదలయ్యేవి. ఒకటి మగ్గానిది, ఒకటి కిష్టప్పది. మగ్గం కనీసం బువ్వ వేళకైనా ఆగేది. నైజాం రాజ్యం పోయి పన్నెండేళ్ళయింది, ఊళ్ళో పటేలు తలపాగా మారింది, తాండూరు సంతలో తూకాలు మారాయి. కిష్టప్ప మాట ధాటి మాత్రం మారలేదు.

తాండూరు నుంచి బంట్వారం పోయే బాటలో మూడు కోసుల దూరాన ఉంటుంది ఆ పల్లె. కొడుకు బాల్‌రాజ్ గొర్రెల మందను తోలుకుని కన్నడం మాట్లాడే ఊళ్ళ వైపు మేపుకి పోయాడు. ఇంట్లో ఉన్నది కిష్టప్ప, భార్య బుగ్గమ్మ, కోడలు యాదమ్మ. ఊరివాళ్ళకు పేక అంటే ఆట, కిష్టప్పకు పేక అంటే పాటు. పడుగు మీద పేక నేసి గొంగళ్ళు చేసేవాడు, మాట మీద మాట వేసి మనుషులకు ముసుగేసేవాడు. ఆయన చెప్పులు అరగగా ఎవరూ చూడలేదు గానీ, చెప్పుడు వినీవినీ చెవులరిగిన వాళ్ళు ఊరినిండా ఉన్నారు.

ఎదురుగా గోడవారన కూర్చుని బుగ్గమ్మ ఉన్ని వడికేది. ఆమె పోగు వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తుందని నవాబుపేట దాకా పేరు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఆడిన మాటలన్నీ చుడితే ఒక ఉండ కాదు. వడికిన పోగు మాత్రం పరిస్తే తాండూరు నుంచి వికారాబాదు దాకా రైలు పట్టాకు జోడుగా పోతుంది. ఆమెకో పద్ధతి ఉంది. పొద్దున మొదలుపెట్టిన ఉండకు పొద్దు గూకగానే ముడి వేసేది. మిగిలిన ఉన్ని పింజె రేపటి ఉండకే. సంతనాటి ఉండకు రెండు ముళ్ళు వేసేది. ఆ ఇంట్లో గోడకు కాలెండరు లేదు. బుట్టలో ఉండలే తారీఖులు.

ఆ పొద్దున పేక కోసం కండె మీదికి ఉన్ని చుడుతున్న కిష్టప్ప వేలికి పోగులో బుడిపె తగిలింది. జానెడు పోతే ఇంకొకటి, ఇంకో జానెడుకు ఇంకొకటి.

"ఏమే, పోగు వడుకుతున్నవా, కప్పను మింగిన పామును వడుకుతున్నవా? నెల దినాల సంది గిట్లనే ఉన్నది. గీ గొంగడి కప్పుకున్నోనికి వీపు మీద గులకరాళ్ళు పోసినట్టుంటది."

బుగ్గమ్మ తలెత్తలేదు. "పక్కకు పెట్టు. మల్ల వడుకుత తియ్యి" అంది. చెడ్డ ఉండలను వేరే బుట్టలో వేయడం అప్పటికి చాలా రోజులుగా సాగుతోంది.

వాకిట్లో రోలు దగ్గర ఉన్న యాదమ్మ, గుంజకు కట్టేసిన తల్లిలేని గొర్రెపిల్ల వైపు తిరిగింది. ఆ గొర్రెలకాపరి కులంలో కోడలు మామ ముఖాన మాట్లాడే ఆనవాయితీ లేదు. చెప్పదలచుకున్నది గోడకో గొర్రెకో చెప్పాలి, మామ దాన్ని గాలివాటున వినాలి. కాపురానికి వచ్చిన నాలుగేళ్ళలో ఆ ఇంటి గొర్రెపిల్లలన్నీ చాలా సంగతులు నేర్చుకున్నాయి.

"చూసినవానె గొర్రెపిల్లా," అంది యాదమ్మ, "నిన్న బువ్వ తిన్నంక మా అత్త గోడ పట్టుకుని అర్ధగంట నిలవడ్డది. నేనే చూసిన. కండ్లున్నోళ్ళు ఇంకెవలన్న చూసిన్రో లేదో నీకెరుకనా?"

గొర్రెపిల్లకు ఎరుక లేదు. కిష్టప్పకూ లేదు. కానీ ఆ సంగతి ఒప్పుకునే మనిషి కాదు.

నిజం చెప్పాలంటే ఆయన పట్టించుకోకుండా ఏమీ లేడు. బాధ ఆమెది, బాధ్యత నాది అనుకున్నాడు. ఆ రెంటినీ కలిపి తన నోట్లోనే వేసుకున్నాడు, అదే చిక్కు. తాండూరులో ఒక డాక్టరు దగ్గరికి బండి కట్టుకుని రెండుసార్లు తీసుకుపోయాడు. మొదటిసారి డాక్టరు బుగ్గమ్మను చూసి, నొప్పి ఎక్కడమ్మా అని అడిగాడు. ఆమె పెదవి విప్పేలోపు కిష్టప్ప విప్పాడు. నొప్పి నడుములోనని, పొద్దున లేవగానే పట్టేస్తుందని, వంగితే లేవనివ్వదని, లేస్తే వంగనివ్వదని అరగంట చెప్పాడు. అంత బాగా చెప్పగలగడానికి కారణం, అది మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని ఆయన నడుముకు వచ్చిన నొప్పి కావడం. తన దగ్గరున్న నొప్పినే పెళ్ళానికి అంటగట్టాడు. డాక్టరు నూనె ఇచ్చాడు. రెండోసారి పుల్లతేన్పులన్నాడు. అవీ ఆయనవే. డాక్టరు ఎర్ర మందు ఇచ్చాడు. చెప్పినదానికి తగ్గ మందే పాపం ఆయన ఇచ్చింది. మందలో ఏ గొర్రెకు ఏ రోగమో ఇట్టే పట్టే మనిషి, పెళ్ళానికి మాత్రం తన రోగాలకు మందు తాగించాడు.

ఆ రెండుసార్లూ బుగ్గమ్మ అవునని తల ఊపింది. పదిమందిలో మొగుడి మాట కాదనడం ఎందుకని ఒకటి. ఏమని చెప్పాలో తెలియక ఇంకొకటి. నొప్పికి మనకు మాటలు తక్కువా? గుంజుడు, సలుపుడు, పోటు, మంట, తీపు, పీకుడు, కలుక్కుమనడం, చురుక్కుమనడం. ఇంట్లో ఉన్నప్పుడు ఇన్నీ ఉంటాయి. తెల్లకోటు ఎదుట కూర్చున్నామా, మంద చెదిరినట్టు చెదిరిపోయి చేతికి ఒక్కటే చిక్కుతుంది: నొస్తది.

సంత మరునాడు బుగ్గమ్మ చేతిలోంచి కదురు జారింది, ఆమె పక్కకు ఒరిగింది. నుదుట చెమట. ముఖం గొంగడి రంగుకు తిరిగింది. భయం పుడితే మనిషి తనకు వచ్చిన విద్యనే వెతుక్కుంటాడు. కడుపుబ్బిన పొట్టేలుకు డొక్క మీద వాత పెట్టి బతికించిన చెయ్యి కిష్టప్పది. పొయ్యిలోకి కొడవలి తోశాడు. మొన ఎర్రబడేదాకా గొట్టంతో ఊదుతూ కూర్చున్నాడు. బుగ్గమ్మ కళ్ళు మూసుకుని, "పెట్టు" అంది. ఆమె రైక కింది అంచును తనే కొంచెం పైకి జరుపుకుంది.

ఆయన కొడవలి తీసి తిరిగేసరికి యాదమ్మ మధ్యలో నిలబడి ఉంది. తల మీది కొంగు జారి ఉంది. చూపు గొర్రెపిల్ల మీద లేదు.

"మామా, కొడవలి కింద పెట్టు."

కిష్టప్ప వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినైనా అంటోందేమోనని. ఎవరూ లేరు. నాలుగేళ్ళలో ఆమె గొంతు నేరుగా తన ముఖానికి తగలడం అదే మొదలు.

"వాత ఏడ పెడతవ్? ఏడ నొస్తున్నదో నీకెరుకనా?"

"కడుపుల..."

"కడుపుల ఏడ? కుడికా, ఎడమకా? తిన్నంకనా, తినకముందా? గొర్రె పడుకుంటే దాని చెవి పట్టి చూస్తవ్. డొక్క చూస్తవ్. నెమరేస్తున్నదా లేదా అని పొద్దుందాక పక్కన కూసుంటవ్. నోరు లేనిదానికి గంత ఇజ్జత్ ఇస్తివి. నోరున్న మా అత్తను ఒక్కనాడన్న అడిగి, జవాబిచ్చేదాక ఆగినవా?"

కొడవలి మొన ఎరుపు నుంచి నలుపుకు తిరిగింది. కిష్టప్ప నోరు తెరిచాడు. జీవితంలో తొలిసారి అందులోంచి ఏమీ రాలేదు. కొడవలిని బానలోని నీళ్ళలో ముంచాడు. అది మాత్రం చుయ్‌మని ఆయన తరఫున ఒక మాట అంది.

యాదమ్మ గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. రేపు పొద్దుటి రైలుకు వికారాబాదు పోదామంది. అక్కడి ఆసుపత్రికి కొత్తగా డాక్టరమ్మ వచ్చిందని, ఆడవాళ్ళను ఆమే చూస్తుందని విన్నానంది. ఒకే షరతు. ఇల్లు దాటింది మొదలు మామ మాట్లాడకూడదు.

మరునాడు రైల్లో కిష్టప్ప మౌనంగా కూర్చోవడం ఒక వింత. తాండూరు స్టేషనులో ఎక్కిన కందుల వ్యాపారి బుచ్చయ్య ఆయనకు పాత తెలిసినవాడు. రెండుసార్లు పలకరించి, జవాబు లేక, ఇంట్లో ఎవరైనా పోయారా అని యాదమ్మను మెల్లగా అడిగాడు. ఆమె లేదంది. బుగ్గమ్మ కిటికీ పక్కన చీర కొంగులో చెయ్యి దాచుకుని కుడి డొక్క అదుముకుని ఉంది.

ఆసుపత్రి వరండాలో నంబరు రావడానికి మధ్యాహ్నమైంది. యాదమ్మ మూట విప్పింది. జొన్నరొట్టెలు, సంతనాడు మిగిలితే నూనెలో మళ్ళీ వేయించి తెచ్చిన యాటమాంసం కూర. ఇంత బలం లేక ఎట్లా అని కిష్టప్ప తన వంతు కూడా భార్య రొట్టెలోకి తోశాడు, సైగలతోనే. తిన్నాక బుగ్గమ్మ సంచిలోంచి కదురు తీసింది. సంచిలో ఇంకేమున్నాయో అప్పుడు చూశాడాయన. తను పక్కన పారేసిన చెడ్డ ఉండలు, మొత్తం. కూర్చున్నంతసేపు చేతులు ఖాళీగా ఎందుకు, చెడిపోయినవి బాగు చేద్దామని ఆమె వాటిని మోసుకొచ్చింది.

మామూలప్పుడైతే ఆయన ఈపాటికి వరండా అందరికీ తన కథలు చెబుతుండేవాడు. నోరు కట్టేశారు కాబట్టి కళ్ళకు పని దొరికింది. బుగ్గమ్మ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. కదురు తిరుగుతోంది. పోగు సన్నగా, నున్నగా, ఎప్పటిలాగే దిగుతోంది. ఆమె ముఖం గోడలా ఉంది, ఏమీ లేదు. ఎదురుగా కూర్చున్న ముసలామె ఏదో అడిగితే నవ్వింది కూడా. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే వేళ్ళ మధ్య పోగు లావెక్కింది. బుడిపె. ఒక క్షణం సన్నబడింది. మళ్ళీ బుడిపె. ముఖం గోడలాగే ఉంది. నవ్వు నవ్వులాగే ఉంది. పోగు మాత్రం విలవిల్లాడుతోంది.

కిష్టప్ప ఒంగి ఆ పోగును దగ్గరగా చూశాడు. నెల రోజులుగా తన వేళ్ళకు తగులుతున్నది ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. పోగు పోగున పోగుపడ్డ నొప్పి అది. దాన్ని పట్టుకుని కప్ప, పాము అని నవ్వాడు.

లోపల డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళుంటాయి. బెజవాడ వైపు మనిషని మాట చెబుతోంది. బుగ్గమ్మను బల్ల మీద కూర్చోబెట్టి ఓపికగానే అడిగింది. కిష్టప్ప తలుపు దగ్గర, రెండు పెదవులూ కలిపి కుట్టినట్టు నిలబడ్డాడు.

"నొప్పి ఎలా ఉంటుందమ్మా?"

"నొస్తదమ్మా."

"ఎప్పుడు వస్తుంది?"

"ఎప్పుడో అప్పుడు."

"ఎంతసేపు ఉంటుంది?"

"పొయ్యేదాక."

కాగితం మీద కలం ఆగింది. డాక్టరమ్మ అలవాటు కొద్దీ తలుపు వైపు చూసింది, "మీరేమైనా చెబుతారా పెద్దాయనా" అన్నట్టు. కిష్టప్ప ఇన్నాళ్ళూ ఎదురు చూసిన పిలుపు అది. చెప్పడానికి లోపల వెతికాడు. ఎప్పుడు వస్తుంది? తెలియదు. ఎటు పాకుతుంది? తెలియదు. ముప్పై ఏళ్ళు ఎదురెదురుగా కూర్చున్న మనిషి గురించి ఆయన దగ్గర ఒక్క జవాబూ లేదు. ఉన్న మాటలన్నీ తన నడుము గురించే.

ఆయన కోడలి వైపు చూశాడు. అది అనుమతి అడిగే చూపు. యాదమ్మ తల ఊపింది.

"డాక్టరమ్మా, నాకు ఎరుక లేదు," అన్నాడు. "ఎరుక ఉన్నట్టు తాండూరుల రెండుసార్లు చెప్పిన. అది తప్పు. నేను చెప్ప, చూపెడత."

సంచి బల్ల మీద బోర్లించాడు. ఉన్ని ఉండలు దొర్లాయి. బయట కూర్చున్న నర్సు లోపలికి తొంగి చూసింది. ఒక్కో ఉండ ఒక్కో రోజని, లోపలి కొస పొద్దున, పై కొస సాయంత్రమని, రెండు ముళ్ళున్నది సంతనాటిదని చెప్పి, ఒక ఉండ విప్పి డాక్టరమ్మ వేళ్ళ మధ్య పోగు పెట్టాడు. కళ్ళతో కాదు, వేళ్ళతో చూడమన్నాడు. ఆమె కలం పక్కన పెట్టి, గుడ్డిదానిలా కళ్ళు మూసుకుని పోగు లాగింది.

పై కొసన నున్నగా ఉంది. లోపలికి పోతుంటే బుడిపెలు మొదలయ్యాయి. వరసగా పది బారల దాకా బుడిపెలే. ఆ తర్వాత మళ్ళీ నున్నన, లోపలి కొస దాకా.

"పొద్దున బాగుంది. మధ్యాహ్నం తర్వాత మొదలైంది. సాయంత్రానికి తగ్గింది," అని డాక్టరమ్మ తనలో తాను అనుకుంది. "పది బారలు వడకడానికి ఎంతసేపు?"

"రెండు ఘడియలు" అంది యాదమ్మ, తడుముకోకుండా. "గంట కంటె జర తక్కువ."

రెండు ముళ్ళ ఉండ విప్పారు. అందులో బుడిపెలు సగం ఉండ దాకా ఉన్నాయి. ఆ రోజు ఏం వండారని డాక్టరమ్మ అడిగింది. సంతనాడు యాట కూర అంది యాదమ్మ. చెడ్డవాటిలో పొరపాటున కలిసిన ఇంకొక ఉండ మొదలు నుంచి చివర దాకా బుగ్గమ్మ పాత పోగే, వెంట్రుకవాసి తేడా లేదు. అది ఏ రోజో యాదమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. శనివారం. అత్త ఒక్కపొద్దు, సాయంత్రం దాకా పలుచటి అంబలి తప్ప ముట్టదు. గది నిండా పోగు పరుచుకుంది. వండినది కోడలికి తెలుసు, వడికినది మామ వేళ్ళకు తెలుసు. ఇద్దరూ కలిస్తే నెల రోజుల నొప్పి బల్ల మీద వారాలవారీగా పడుకుంది.

కిష్టప్ప ఒక బుడిపె మీద బొటనవేలు ఆనించాడు. "ఒక్క మాట డాక్టరమ్మా. మామూలుగ చెయ్యి వణికితే పోగు తెగుతది. గీ ఉండలల్ల నడుమ ఏడ చూసినా తెగి అతికిన ముడి ఒక్కటి లేదు. గింత నొప్పిల గూడ ఒక్కనాడు పోగు తెంపలె."

అప్పటిదాకా తల వంచుకుని ఉన్న బుగ్గమ్మ పరుచుకున్న పోగును చూసింది. తన లోపల ఇన్నాళ్ళు దాచింది బల్ల మీద అందరికీ కనబడుతుంటే ఇక దాచేదేముంది అనిపించిందో ఏమో, కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది. ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది.

"గీడ కదురు మోపినట్టు మొదలైతది. మొదలు మెల్లగ తిరుగుతది. తిరిగేకొద్ది లోపల పింజె బిగుసుకున్నట్టు బిగుస్తది. బిగిసి బిగిసి, పోగు వీపులకెల్లి పోయి గీ కుడి రెక్క కింద కొక్కేనికి తగులుకుంటది. అక్కడ ఎవలో పట్టి ఆడిస్తున్నట్టే. తెగితే బాగుండు అనిపిస్తది. తెగదు. జర సేపటికి ఎవలో కదురును పక్కన పెట్టినట్టు ఆగుతది. నోరంత చేదు."

కలం గబగబా కదిలింది. రాయడం అయ్యాక డాక్టరమ్మ తలెత్తి ఆమెను చూసింది. చదువుకున్న వాళ్ళు, పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్ళు వస్తారని, ఇంత సూటిగా తన నొప్పిని చేతికి అందించిన మనిషిని చూడలేదని అంది. తర్వాత పడుకోబెట్టి, ఆ చోటనే వేళ్ళు ఆనించి, ఊపిరి పీల్చమంది. సగం పీల్చగానే బుగ్గమ్మ ఊపిరి ఠక్కున ఆగింది. డాక్టరమ్మ తల పంకించింది.

పిత్తం తిత్తిలో రాళ్ళు ఉన్నట్టున్నాయని, పట్నం పెద్దాసుపత్రిలో ఫోటో తీసి చూస్తారని, ఉంటే కోసి తీయాలని చెప్పింది. కోయడం అనగానే అందరి చూపులూ కిష్టప్ప మీదికి పోయాయి, ఇంటి పెద్ద కనుక. ఆయన చూపు బుగ్గమ్మ మీదికి పోయింది. పోయి, అక్కడే ఆగింది. ఆమె జవాబు కోసం ఆగడం ఆయనకు మగ్గం గుంట కంటే లోతుగా అనిపించింది, అయినా దిగి కూర్చున్నాడు.

"చేయించుకుంట," అంది బుగ్గమ్మ. "పోగు చెడిపోతున్నది." మళ్ళీ తనే, "తాండూరు బండల దిక్కు పుట్టినంక భూమిల రాళ్ళే, మనిషిల రాళ్ళే" అంది.

డాక్టరమ్మ నవ్వింది, యాదమ్మ నవ్వింది. అలాంటి మాట తన నోటి నుంచి రావలసిన కిష్టప్ప మాత్రం తలుపు వైపు తిరిగి, భుజం మీది గొంగడి అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఉన్ని గరుకు కాబట్టి కళ్ళు ఎర్రబడ్డాయని తర్వాత చెప్పుకున్నాడు.

పట్నంలో కోశారు. తిత్తిలోంచి మూడు రాళ్ళు వచ్చాయి, ఒక్కోటి తాండూరు కందిగింజంత. సీసాలో వేసి ఇచ్చారు. ఇరవై రోజులకు బుగ్గమ్మ ఇంటికి వచ్చింది. ఆ ఇరవై రోజులూ యాదమ్మ, మామ ఒకరితో ఒకరు నేరుగానే మాట్లాడుకున్నారు. గొర్రెపిల్లకు పని పోయింది.

చెడ్డ ఉండలను మళ్ళీ వడుకుతానని బుగ్గమ్మ బుట్ట వెతికితే దొరకలేదు. అవన్నీ మగ్గం మీద ఉన్నాయి. కిష్టప్ప ఒక్క బుడిపె కూడా తీసేయకుండా, రోజుల వరస తప్పకుండా వాటినే పేకగా వేసి గొంగడి నేశాడు. చింతగింజల గంజి పట్టించి, ఎండబెట్టి, వాకిట్లో దండెం మీద వేశాడు. అమ్మేది కాదన్నాడు.

చలి మొదలయ్యాక నవాబుపేట నుంచి జంగప్ప వచ్చాడు. ఆయనా గొంగళ్ళు నేసేవాడే. దండెం మీదిది చేత్తో తడిమి, బుడిపెల దగ్గర ఆగాడు. పనితనం ఉన్న చెయ్యి కనుక తేడా పట్టేసింది. ఇది బుగ్గమ్మ పోగేనా, ఇక్కడ ఇట్లా ఎందుకయిందని కిష్టప్పను అడిగాడు.

కిష్టప్ప గుంటలోంచి తల ఎత్తాడు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. యాదమ్మ రొట్టె తడుతున్న చెయ్యి ఆపి చూసింది.

తెరిచిన నోరు మూసుకున్నాడు. "బుగ్గీ, జర గిటు రా," అని కేకేశాడు. "జంగన్న నిన్ను అడుగుతున్నడు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గోడవారన కూర్చుంది. "మొదట్నించి చెప్పాల్నా?" అని మొగుణ్ణి చూసింది.

"మొదట్నించే చెప్పు" అన్నాడు కిష్టప్ప. మగ్గం ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.